శౌరి మాస్టారు మగ్గం గుంటలో దిగిన రోజు

ఎవరైనా ప్రశ్న అడిగితే శౌరి మాస్టారు ముందు ఒళ్ళో ఉన్న గిటారు తీసి పెట్టెలో పెట్టేవారు. మూత వేసి, రెండు గొళ్ళేలూ బిగించి, అప్పుడు తలెత్తి "ఇప్పుడు చెప్పు" అనేవారు. సగం ప్రశ్నలు ఆ గొళ్ళేలు బిగించేలోపే నీరుగారిపోయేవి. మిగిలిన సగానికీ ఆయన నోటితో జవాబు చెప్పిన పాపాన పోలేదు. ఏదో ఒకటి చేసి చూపించేవారు, లేకపోతే మన చేతే చేయించేవారు. మేం ఇంటికెళ్ళి రెండు రోజులు బుర్ర గోక్కునేవాళ్ళం.

చీరాల పక్కన పేరాలలో ఆయన ఇంటి వరండాలోనే మా క్లాసు, సాయంత్రం అయిదింటికి. ముప్ఫై ఏళ్ళు పెళ్ళిళ్ళ బ్యాండులో ఉండి, అది మానేశాక గిటారు నేర్పడం మొదలుపెట్టారు. తొమ్మిదిమంది శిష్యులం. అందరం సంసారాలున్నవాళ్ళమే. నేను పోస్టాఫీసులో గుమాస్తాని.

మాస్టారు పొట్టి స్టూలు మీద కూర్చుని, ఎడమ పాదం కింద ఒక ఇటుక పెట్టుకుని, చెవి చెక్కకి ఆనేంతగా గిటారు మీదికి వంగి వాయించేవారు. ఆ వాయిద్యం వింటుంటే వీధిలో పోయేవాళ్ళు సైకిల్ దిగి నిలబడేవారు. అలా కూర్చుంటేనే అలా పలుకుతుందని మా గట్టి నమ్మకం. అంచేత ఒకరి తర్వాత ఒకరం ఇటుకలు తెచ్చుకున్నాం. నా ఇటుకకి మా ఆవిడ పాత పరుపుగుడ్డతో గలీబు కూడా కుట్టింది. అది మర్చిపోయి వెళ్ళిన రోజు నాకు చేతులాడేవి కావు. ఇదంతా ఎవరూ మాకు చెప్పలేదు. మాస్టారు మా ఇటుకల గురించి ఒక్క మాట అనకపోతే, అది మెచ్చుకోలే అనుకున్నాం. తొమ్మిదిమంది తెలివైనవాళ్ళు ఒకచోట చేరితే ఇలాగే ఉంటుంది మరి.

మాలో అందరికన్నా బాగా వాయించేది నాగవేణి. ముప్ఫయ్యారేళ్ళ మనిషి. తెల్లారినప్పటి నుంచి మధ్యాహ్నం నాలుగింటిదాకా మగ్గం మీద కూర్చుని చీరలు నేసేది. తర్వాత మొహం కడుక్కుని, మాస్టారు తనకి వాడుకోమని ఇచ్చిన పాత గిటారు భుజాన వేసుకుని వచ్చేది. పొట్టి మనిషి కావడంతో ఆ పెద్ద గిటారు ఒళ్ళో పెట్టుకుంటే మొహం, చేతులు మాత్రం కనిపించేవి. కానీ వేళ్ళు తీగల మీద పడితే ఆవిడ మొహం వెలిగిపోయేది. పగలంతా పడిన కష్టం ఎక్కడికో పోయేదని ఆవిడే చెప్పుకునేది. ఆ మొహం చూడడం నాకూ ఇష్టంగానే ఉండేది.

ఒక సాయంత్రం నాగవేణి వచ్చి కూర్చోలేదు. ఇటుక కాళ్ళ దగ్గర దించి, గుడ్డలో చుట్టిన గిటారుని రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. సంగతి ఏమిటంటే, మూడు నెలలుగా ఆవిడ ఎడమ చెయ్యి మొద్దుబారుతోంది. మగ్గం మీద పేకని, అంటే అడ్డపోగుని, దగ్గరికి కొట్టేది ఆ చెయ్యే. డాక్టరుకి చూపించుకుంటే, మగ్గమో గిటారో ఏదో ఒకటి మానుకోమన్నాడు. మగ్గం మానితే ఇంట్లో పొయ్యి వెలగదు. ఇక మానుకోవలసింది ఏదో వేరే చెప్పక్కర్లేదు.

మాస్టారు తన గిటారు పెట్టెలో పెట్టారు. మూత వేశారు. గొళ్ళేలు బిగించారు. నాగవేణి ప్రశ్న మాత్రం నీరుగారలేదు.

"మాస్టారూ, మీరు కూచున్నట్టే కూచుంటన్నా. మీరు వంగినట్టే వంగుతన్నా. ఇటుక కూడా మీ ఇటుకంత ఎత్తుదే, పుల్లతో కొలిచి మరీ తెచ్చుకున్నా. అయినా పావుగంట తిరక్కుండా ఈ చెయ్యి నాది కానట్టు అయిపోతంది. నా ఒళ్ళే దీనికి పనికిరాదా? పనికిరాదంటే చెప్పండి, గిటారు ఇచ్చేసి పోతా."

మాస్టారు ఆవిడ కాళ్ళ దగ్గరున్న ఇటుక వైపు చూశారు. చాలాసేపు చూశారు.

"అది కాగితాలు ఎగిరిపోకుండా పెట్టుకోడానికి కాదూ?" అన్నారు.

ఆ వరండాలో సముద్రపు గాలి బాగా కొడుతుంది. ఆయన ఇచ్చే పాఠాల కాగితాలు ఎగిరి వీధిలో పడుతుంటాయి. మేం తెచ్చే ఇటుకలు వాటి కోసమే అని ఆయన అన్నాళ్ళూ అనుకున్నారట! ఒక్కొక్కరి కాళ్ళ దగ్గరా ఉన్న ఇటుకలన్నిటినీ వరసగా చూసుకుంటూ వచ్చారు. నా గలీబు దగ్గర ఆయన చూపు ఆగినప్పుడు నాకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఆయన మాత్రం నవ్వలేదు. మొహం వెలవెలబోయింది.

"ఇవాల్టికి చాలు, వెళ్ళండి," అన్నారు. నాగవేణి గిటారు చాచి ఇవ్వబోతే తీసుకోలేదు. "రేపు పొద్దున మీ ఇంటికొస్తా. మగ్గం చూడాలి. అందాకా అది నీ దగ్గరే ఉండనీ."

మర్నాడు జరిగింది నేను చూడలేదు. నాగవేణి నాకు చెప్పింది. ఆవిడ చెబుతుంటే పక్కనే కూర్చుని వాళ్ళ అత్త పిచ్చమ్మగారు తప్పులు దిద్దింది. కాబట్టి ఇందులో అబద్ధం ఉండడానికి చోటు లేదు.

వాళ్ళది గుంట మగ్గం. నేలలో గుంట తవ్వి ఉంటుంది. నేసేవాళ్ళు గుంట అంచున పలక మీద కూర్చుని, కాళ్ళు లోపలికి వదిలి, అడుగున ఉన్న చెక్కలు తొక్కుతారు. మాస్టారు వచ్చీరాగానే చెప్పులు విప్పి, "నేనూ నేస్తానమ్మాయ్, నాకు నేర్పు" అన్నారు. నాగవేణి నవ్వుతాలికి అనుకుంది. ఆయన అప్పటికే పలక మీద కూలబడి గుంటలోకి కాళ్ళు దించుతున్నారు.

ఆయన ఆరడుగుల మనిషి. కుడి మోకాలు వచ్చి, నేసిన బట్ట చుట్టుకునే దోనెకి ఠక్కున తగిలింది. వెనక్కి జరిగితే చేతులు అందలేదు. ముందుకి జరిగితే మోకాలు మళ్ళీ దోనెకే. ఎడమ కాలొక్కటే ఆ గుంటలో సుఖంగా ఇమిడింది. అలాగే వంకరటింకరగా కూర్చుని, ఒక చెక్క తొక్కబోయి రెండూ తొక్కి, "ఇంతేనా?" అన్నారు.

"లేవండి మాస్టారూ, లేవండి! నడుం పట్టుకుంటది మీకు!" అని నాగవేణి కంగారుపడిపోయింది. "అది నా కాళ్ళకి కట్టిన గుంట. మీకు సరిపోద్దా ఏంది?"

"నువ్వు కూచున్నట్టే కూచున్నాగా?"

"నేను కూచున్నట్టు మీరెందుకు కూచోవాలి? ఎవరి గుంట వాళ్ళదే. అంతెందుకు, ఇది మా అత్త గుంట. నేను కాపరానికొచ్చిన కొత్తల్లో ఆమె కూచున్న చోటే కూచుని, ఆమె లాగే నేసేదాన్ని. ఆర్నెల్లు తిరిగేసరికి నడుం విరిగిపోయింది. అప్పుడు ఆమె చూసి..."

అక్కడ పిచ్చమ్మగారు అందుకుంది. "చూసి ఏముంది మాస్టారుగారూ, కాళ్ళు అందక పిల్ల ఏలాడతంది. నోరు తెరిచి చెప్పదే! ఏమే, ఎందుకు చెప్పలేదే అంటే, మీరు ముప్ఫై ఏళ్ళు కూచున్న చోటు గదత్తా, ఎట్టా మారుస్తాం అంది. చోటుకేం తెలుసు ఎవరు కూచున్నారో! నేనే గుంటలో నాలుగు తట్టల మట్టి పోసి, అడుగు జానెడు పైకి తెచ్చి, అలికా. పలక కింద గోనెపట్టా మడిచి పెట్టా. అయ్యాల్టి నుంచి నడుం నెప్పి అన్న మాట లేదు."

మాస్టారు మోకాలు దోనె కింద ఇరుక్కుని ఉండగానే మెడ తిప్పి నాగవేణి వైపు చూశారు.

నాగవేణికి అప్పుడు వెలిగింది. పద్నాలుగేళ్ళుగా ఆ గుంటలో కూర్చుంటోంది. వీధిలో ఏ కొత్త కోడలు మగ్గం ఎక్కినా గుంట కొలత చూసి చెప్పేది ఆవిడే. అలాంటి మనిషి గిటారు దగ్గరికొచ్చేసరికి పుల్ల తీసుకుని ఇంకొకరి ఇటుక కొలుచుకుంది. ఆ మాట నాకు చెప్పేటప్పుడు కూడా ఆవిడ తల కొట్టుకుంది.

మాస్టారుని గుంటలోంచి లాగడానికి అత్తాకోడళ్ళు ఇద్దరూ కావలసి వచ్చింది. పైకి వచ్చాక ఆయన నేల మీద రెండు కాళ్ళూ బారచాపి కూర్చున్నారు. పక్కపక్కన పెట్టి చూస్తే ఎడమ కాలు కుడికాలికి రెండున్నర అంగుళాలు తక్కువ. కుర్రతనంలో బ్యాండు లారీ మీంచి పడితే విరిగి, పొట్టిగా అతుక్కుంది.

"ఇటుక ఈ వెలితి కోసం," అన్నారు. "వంగేది చెవుడు వల్ల. ముప్ఫై ఏళ్ళు డ్రమ్ముల పక్కన నిలబడ్డాగా, గిటారు మాట వినాలంటే చెవి ఆనించాల్సిందే." నాగవేణి ఎడమ చేతి వైపు చూశారు. "నేను మీ వేళ్ళు చూశానమ్మా. వెన్ను చూడలేదు. నీ చెయ్యి పాడయింది నా వల్లే."

ఆయన కుంటుతారని పేరాలలో అందరికీ తెలుసు. గట్టిగా పిలిస్తేగాని పలకరనీ తెలుసు. ఆ కుంటుకీ ఇటుకకీ, ఆ చెవుడుకీ వంగడానికీ లంకె ఉందని మాత్రం మాలో ఒక్కరికీ తట్టలేదు. గురుభక్తి కళ్ళకి అడ్డం పడిందని ఇప్పుడు సర్దిచెప్పుకుంటున్నాను గాని, నిజానికి అది బద్ధకం. ఎలా కూర్చోవాలో మన ఒంటిని అడిగి తెలుసుకోవడం కంటే ఇటుక తెచ్చుకోవడం తేలిక.

ఆ తర్వాత మాస్టారు గిటారు తెమ్మన్నారు. ఎలా కూర్చోవాలో ఆయన చెబుతారని నాగవేణి ఎదురుచూసింది. ఆయన గోడకి చేరగిలబడి, పిచ్చమ్మగారు ఇచ్చిన మజ్జిగ తాగుతూ ఉండిపోయారు.

ఇంట్లో ఉన్న స్టూలు మీద కూర్చుని, నాగవేణి అలవాటు చొప్పున గిటారు మీదికి వంగింది.

"మగ్గం మీద అట్టా వంగితే లేపేసేదాన్ని," అంది పిచ్చమ్మగారు.

నాగవేణి వెన్ను నిలబెట్టింది. రెండు పాదాలూ నేలకి ఆన్చింది. గిటారు పక్కన పెట్టి, ముందు ఉత్త చేతులతోనే కూర్చుంది. భుజాలు వదిలేసి, చేతులు వాటంతటవి ఎక్కడికి వస్తాయో చూసుకుంది. మగ్గం ఎక్కగానే రోజూ అదే చేస్తుంది. అప్పుడు గిటారుని తన దగ్గరికి తెచ్చుకుంది. కుడి తొడ మీద పెడితే, గిటారు పెద్ద పొట్ట మీంచి చెయ్యి వెయ్యడానికి భుజం పైకి లేచింది. ఎడమ తొడ మీదికి మార్చి, గిటారు మెడ కాస్త పైకెత్తితే భుజం దిగింది గాని, గిటారు కిందికి జారింది. ఇటుక కోసం కాలు వెతుక్కుంది. వెతుక్కుని, తనలో తనే నవ్వుకుంది. దండెం మీద ఒక నేత పట్టీ వేలాడుతోంది. దాన్ని గిటారుకి రెండు వైపులా కట్టి మెడలో వేసుకుంది. కూర్చునే ఉన్నా సరే, గిటారు బరువు పట్టీ మీద పడింది. ఒకసారి ముడి విప్పి పొడుగు చేసింది, మళ్ళీ కురచ చేసింది. మూడోసారికి ఎడమ చెయ్యి వెతుక్కోకుండానే తీగల మీదికి వచ్చింది.

వాయించడం మొదలుపెట్టింది. పావుగంట దాటింది. నొప్పి ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుందని ఒక చెవి దానికే పెట్టింది. అరగంటకి భుజం కొద్దిగా లాగింది. ఆగి, పట్టీ ముడి ఒక వేలు వెడల్పు సడలించి మళ్ళీ మొదలుపెట్టింది. వేళ్ళు అయిదూ తనవిగానే ఉన్నాయి. పిచ్చమ్మగారు నూలు కండెలు చుట్టడం ఆపేసి వింది. వీధిలో ఎవరో సైకిల్ దిగారు. నాగవేణికి కళ్ళ నీళ్ళు ఆగలేదు. తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు, చేతులు తియ్యాలనీ లేదు. ఆ పూట మాస్టారు ఆవిడ వేళ్ళ వైపు ఒక్కసారి కూడా చూడలేదట. పక్కకి జరిగి, వెనక్కి వెళ్ళి, వీపు వైపు చూస్తూ కూర్చున్నారట.

ఎండెక్కాక ఆయన లేచి చెప్పులు వేసుకున్నారు. గిటారు తిరిగిచ్చే మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. నాగవేణి గుమ్మందాకా వెంట వచ్చింది. ఇన్ని నెలల భయం ఒక్క పూటలో పోదు కదా, అడగకుండా ఉండలేకపోయింది.

"మాస్టారూ, మళ్ళీ నెప్పొస్తే?"

శౌరి మాస్టారు మెట్టు దిగబోతూ ఆగారు.

"వస్తే ముందు దాన్నే అడుగు," అన్నారు. "నన్ను తర్వాత అడుగుదువుగాని."