వెంట్రుకలో మూడు నెలలు

మా మార్కండేయులు గారిని ఏదైనా ప్రశ్న అడగాలంటే ముందు కాళ్ళకు చెప్పులున్నాయో లేదో చూసుకోవాలి. కూర్చున్న చోట కూర్చుని ఆయన జవాబు చెప్పడం నేనెరగను. నలభై ఏళ్ళు పశువుల డాక్టరుగా చేసి, రిటైరయ్యాక కూడా మాబోటి కొత్త డాక్టర్లకు పాఠం చెబుతూ ఉండేవారు. మేమంతా ఆయన్ని అయ్యవారనే పిలిచేవాళ్ళం. ఫలానా ఆవుకు జ్వరం ఎందుకొచ్చిందని అడిగితే, లేచి గొడుగందుకుని ఆ ఆవు మేసే బీడు దాకా నడిపించేవారు. దారి పొడుగునా ఒక్క ముక్క మాట్లాడేవారు కాదు. జ్ఞానం సంగతేమో గాని మాకు పిక్కలు మాత్రం బాగా బలిశాయి.

ఒక ఫాల్గుణ మాసపు ఉదయం వకుళ వచ్చి ఆయన ముందు కాగితాల కట్ట పెట్టింది. మాలో అందరికంటే చిన్నది, పనిలో అందరికంటే గట్టిది. అడవి అంచున ఉన్న ఏనుగుల శిబిరంలో చెంగమ్మ అనే ఆడ ఏనుగు బాగోగులు చూసి పైఆఫీసుకు రిపోర్టు పంపే పని ఆమెకు అప్పగించారు. నెత్తురు తీసి పరీక్ష చేయొచ్చు గాని, సూది చూడగానే ఏనుగు బెదురుతుంది, ఆ బెదురే నెత్తురులో కనిపించి మనల్ని మోసం చేస్తుంది. అందుకని తోక వెంట్రుకలు కత్తిరించి చూస్తారు. జీవి బెదిరినప్పుడూ, దిగులుపడినప్పుడూ ఒంట్లో కార్టిసాల్ అనే రసం ఎక్కువగా ఊరుతుంది. పెరుగుతున్న వెంట్రుకలోకి అది కొంచెం కొంచెంగా చేరి అక్కడే ఉండిపోతుంది. వెంట్రుకను నెలకొక ముక్కగా కోసి పరీక్షిస్తే ఏ నెల ఎలా గడిచిందో ఇంచుమించుగా తెలుస్తుంది. చెంగమ్మ ఏడాదిలో తొమ్మిది నెలలు మామూలుగానే గడిచాయి. ఆశ్వయుజం, కార్తికం, మార్గశిరం మాత్రం చూడలేనట్టుగా ఉన్నాయి.

"మూడుసార్లు చేసి చూశాను అయ్యవారూ," అంది వకుళ. "మళ్ళీ మళ్ళీ అదే వస్తోంది. మావటి మునెప్పను చూస్తేనేమో దాన్ని కన్నబిడ్డలా సాకుతున్నాడు. అంకుశం ఎక్కడ పెట్టాడో కూడా ఆయనకు గుర్తులేదు. ఈ రిపోర్టు పంపితే మావటే బాధపెట్టాడని చెంగమ్మను వేరే శిబిరానికి తీసుకెళ్ళిపోతారు. ఆయన్ను ఇంటికి పొమ్మంటారు. పందొమ్మిదేళ్ళుగా దాని పక్కనే ఉన్న మనిషి, ఏమైపోతాడు? నా పరీక్ష తప్పా, ఆయన ప్రేమ అబద్ధమా?"

అయ్యవారు లేచి గొడుగందుకున్నారు. నేను చెప్పులు వేసుకున్నాను.

మేము వెళ్ళేసరికి మధ్యాహ్నమైంది. చెంగమ్మకు రాగిముద్దలు తినిపించి, ఆ తర్వాతే మునెప్ప తన సంగటి ముందు కూర్చున్నాడు. పళ్ళెంలో ముద్ద, పక్కన కాస్త ఊరిబిండి, అదే చెనిక్కాయల పచ్చడి. ఎదురుగా రేకుల కొట్టంలో చెంగమ్మ జువ్వి కొమ్మలు విరుచుకుని తింటోంది. అంత పెద్ద ప్రాణి అంత నిదానంగా నములుతుంటే చూస్తున్న మాకూ ఆకలేసింది.

"లేవొద్దు, తింటూనే ఉండు," అని అయ్యవారు ఆయన పక్కనే చతికిలబడ్డారు. పరీక్షకు పోగా మిగిలిన వెంట్రుక ఒకటి వకుళ దగ్గర తీసుకుని తెల్ల కాగితం మీద పరిచారు. "ఇది నీ బిడ్డ ఏడాది, మునెప్పా. కొన దగ్గర పోయిన చైత్రం, మొదలు దగ్గర ఈ నెల. ఎప్పుడేం జరిగిందో చెప్పు, వింటాం."

మునెప్పకు అది సరదాగా తోచింది. ఎడమచేతి వేలితో వెంట్రుక వెంట నడుచుకుంటూ పోయాడు. ఇక్కడ ఎండలు, ఏటిలో రోజూ రెండుసార్లు స్నానం. ఇక్కడ కాలిగోరు పగిలి మందు రాశాం. ఇక్కడ చెరుకు తోటలోకి దూరి తిట్లు తినింది, తిట్లు తినింది మాత్రం నేను. అలా చెప్పుకుంటూ వచ్చి, వకుళ పరీక్షలో చెడ్డగా తేలిన ఆ మూడు నెలల దగ్గర ఆయన మొహం విప్పారింది.

"ఇది వానలప్పుడు సామీ. ఇంత బంగారంగా అది ఎప్పుడూ ఉన్నింది లేదు. అంతకు ముందు వానొస్తే చెట్ల కింద తడస్తా నిలబడుకోనుండేది. దాన్ని చూస్తే నాకు కూడు దిగేది కాదు. ఊళ్ళో బడికి పాత రేకులు పీకేస్తా ఉంటే అడుక్కోని, నెత్తిన మోసుకోనొచ్చి ఈ కొట్టం ఏసినా. చినుకు పడితే చాలు, లోపలికి తోలి కట్టేసేవాణ్ణి. ఎంత బుద్ధిగా నిలబడేదనుకున్యారు! తలకాయ ఊపేది లేదు, తొండం ఇసిరేది లేదు. తెల్లార్లూ కట్టిన చోట కట్టినట్టే."

వకుళ ఏదో అనబోయింది. అయ్యవారు ఆమె వైపు చూడకుండానే లేచి, కొట్టం పక్కన గులకరాళ్ళు గుప్పెడు తీసుకుని రేకుల మీదికి విసిరారు.

రేకులు గట్టి వాన పడ్డట్టు దడదడమని మోగాయి. చెంగమ్మ నమలడం ఆపేసింది. కొమ్మ సగం నోట్లో, సగం బయట. విసనకర్రల్లా ఆడుతున్న చెవులు ఒంటికి అతుక్కుపోయాయి. తొండం కొస నోటి దగ్గరికి ముడుచుకుంది. ఆ తర్వాత కదలిక లేదు.

"చూసినారా సామీ, అచ్చం ఇట్లానే," అన్నాడు మునెప్ప సంబరంగా. "ఇట్లానే నిలబడుకోని..."

ఆయన చెంగమ్మ నోట్లోని కొమ్మను చూస్తున్నాడు. "చెంగీ," అని పిలిచాడు. ఎంత దూరాన్నుంచి పిలిచినా ఆ పిలుపుకు చెవి తిప్పే ఏనుగు తిప్పలేదు. ఇంకోసారి పిలిచాడు, అప్పుడూ తిప్పలేదు.

"తడవలేదనే చూసినా సామీ," అన్నాడు. "ఒళ్ళు తుడిచి తుడిచి చూసినా. తడవలేదు, అంతే చూసినా. పారిపోను తావు లేకుండా కట్టేసి మరీ..."

నాకు ఏడుపొచ్చింది, చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. మునెప్ప చేతికంటిన సంగటి కూడా కడుక్కోకుండా లేచి, గొలుసు విప్పి, చెంగమ్మ చెవి పక్కన ఏదో మాట్లాడుతూ బయటికి నడిపించాడు. చింతచెట్టు నీడలో దాని దవడ మళ్ళీ ఆడేదాకా అక్కడే నిలబడ్డాడు. తర్వాత వెళ్ళి నిచ్చెన తెచ్చి కొట్టానికి ఆనించి, గడ్డపారతో పైకెక్కాడు.

అయ్యవారు చెంగమ్మ దగ్గరికి పోయి తొండం మీద చేయివేసి, "తప్పయిపోయింది తల్లీ, ఇంకెప్పుడూ చేయను," అన్నారు. అది ఆయన గొడుగును వాసన చూసి వదిలేసింది.

వకుళ కాగితాల కట్ట గుండెకు హత్తుకుని ఆయన వెనకాలే నిలబడింది. "అయ్యవారూ, ఇప్పుడెలాగూ కొట్టం విప్పేస్తున్నాడు కదా," అంది మెల్లగా. "ఆ మూడు నెలలు కొంచెం తగ్గించి రాస్తే? పాపం, ఆయన..."

ఆయన వెనక్కి తిరిగారు. ఆయన మొహంలో అంత కోపం నేను అంతకు ముందు చూడలేదు.

"అది ఆ నోరులేని దాని బాధ. పూచికపుల్లంత తగ్గించడానికి కూడా మనమెవరం? అంతా రాయి."

పైన మొదటి రేకు ఊడి కింద పడింది. అయ్యవారు అటు చూశారు. కోపం దిగిపోయింది. సగం తిని వదిలేసిన సంగటి మీద ఈగలు ముసురుతుంటే వంగి, పక్కనున్న చేట తీసి దాని మీద బోర్లించారు.

"దాని బాధ తెలియగానే ఆ మనిషి కూటి ముందు నుంచి లేచిపోయాడమ్మా," అన్నారు. "అదీ రాయి."