ఏనుగుల జనరేటరు, దివానుగారి కునుకు

ఆ రాజ్యానికి కరెంటు చుట్టపుచూపుగా వచ్చి, మంచినీళ్లయినా తాగకుండా వెళ్లిపోయేది. జనరేటరు కొందామన్నారు రాజుగారు. దివాను చలమరాజు నలభై ఏనుగులు లాగే యంత్రాన్ని తెప్పించాడు. దాని పొగకి పక్క రాజ్యంలో కాకులు కూడా ఇంకాస్త నల్లబడ్డాయి. దాన్ని పెట్టడానికి వడ్రంగి మౌనాచారి కొట్టం కూల్చేయాలన్నాడు.

ఆచారి పరుగున వచ్చి రాజుగారి కాళ్ల మీద పడ్డాడు. "ప్రభూ, చేత్తో మోసుకెళ్లే చిన్నది చాలదా? పగలు నా కరెంటు రంపానికి, రాత్రి మీ ఫ్యాన్లకి!"

"ఒరేయ్, రెండూ ఒకేసారి తిరగాలంటే ఈ కొండే కావాలిరా!" అని దివాను గద్దించాడు.

"చిత్తం. రంపం తిరుగుతుండగా దివానుగారు ఫ్యాను కింద ఒక్క కునుకు తీస్తే, నా కొట్టం నేనే కూల్చుకుంటాను."

అదృష్టం కొద్దీ ఆ పూట కరెంటుంది. దివాను పందిరిలేని మంచమెక్కి కళ్లు మూశాడు. పక్కనే దుంగ పెట్టి ఆచారి రంపం ఆన్ చేశాడు. ఆ మోతకి కోటలో చిలకలు నేర్చిన మాటలన్నీ మరిచిపోయాయి. దివాను ఎగిరి ఫ్యాను రెక్క పట్టుకుని, దాంతోపాటు గిరగిరా తిరుగుతూ "ముందా రంపం ఆపరా!" అని అరిచాడు.

ఆచారి ఆపేశాడు. "ఇక ఫ్యానొక్కటే మిగిలింది ప్రభూ. దానికి ఏనుగులెందుకు?"

రాజుగారు చిన్నదే కొన్నారు. దివానును కిందికి దించడానికి నిచ్చెన కావలసి వచ్చింది. అది ఆచారి కొట్టంలోనే దొరికింది.