ఊ కొట్టే రాజకుమారుడు

కొండలింకా చిన్నపిల్లలుగా ఉన్న రోజుల్లో కుందనగిరికి ఒక రాజు ఉండేవాడు. పేరు వీరకంపరాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రణధీరుడు కత్తి తిప్పేవాడు. రెండోవాడు గజకేతుడు ఏనుగుల్ని లొంగదీసేవాడు. మూడోవాడు నందివర్ధనుడు ఊ కొట్టేవాడు.

నవ్వకండి. నిజంగా అదే అతని పని.

వీరకంపరాజు వయసులో ఉండగా ఒక యుద్ధం గెలిచాడు. ఒక్కటే. రోజూ మధ్యాహ్నం భోజనం కాగానే తాంబూలం వేసుకుని ఆ కథ ఎత్తుకునేవాడు. కథ చెబుతుంటే ఎవరో ఒకరు ఊ కొట్టాలి కదా. సరిగ్గా ఆ వేళకి మంత్రికి కడుపునొప్పి వచ్చేది. సేనాపతికి సరిహద్దు గుర్తొచ్చేది. అన్నలిద్దరూ వేటకని మాయమయ్యేవాళ్ళు. ఇక మిగిలింది నందివర్ధనుడే.

"మేం నది దాటాం."

"ఊ."

"అవతలి గట్టున శత్రువు."

"ఊ."

పద్నాలుగేళ్ళు అలాగే గడిచాయి. కిటికీలోంచి మబ్బులు చూస్తూ ఊ కొట్టేవాడు. మబ్బుల్లో ఓడలున్నట్టు, ఆ ఓడల్లో తను ఉన్నట్టు ఊహించుకుంటూ ఊ కొట్టేవాడు. కళ్ళు తెరిచే నిద్రపోయి కూడా ఊ కొట్టేవాడు. ఒకరోజు రాజుగారు కథ మధ్యలో గట్టిగా తుమ్మారు.

"ఊ," అన్నాడు నందివర్ధనుడు.

వింజామర వీచే పిల్ల కిసుక్కున నవ్వింది. అతనికి మాత్రం నవ్వు రాలేదు. 'తుమ్ముకీ ఊ కొట్టానా! నేను పుట్టింది ఇందుకేనా?' అనుకున్నాడు. ఆ మాట గుండెలో పడ్డాక అన్నం సహించలేదు.

ఆ నెలలోనే పక్క రాజ్యం నుంచి కబురొచ్చింది. అక్కడి రాజకుమారి కేతకిని ధూమాక్షుడనే మాంత్రికుడు ఎత్తుకుపోయాడు. ఏడు సముద్రాల అవతల, ఒక దీవిలో పెట్టాడు. విడిపించినవాడికి అర్ధరాజ్యం ఇస్తారు, పిల్ల ఒప్పుకుంటే పెళ్ళి కూడా. రణధీరుడు కత్తి పట్టుకుని వెళ్ళాడు, తిరిగి రాలేదు. గజకేతుడు ఏనుగుని ఓడెక్కించి వెళ్ళాడు. ఏనుగూ రాలేదు, అతనూ రాలేదు.

"నేను వెళ్తాను నాన్నగారూ," అన్నాడు నందివర్ధనుడు.

"నువ్వూ పోతే ఊ ఎవరు కొడతార్రా?" అన్నాడు రాజు కంగారుగా.

ఆ మాటతో నందివర్ధనుడు చెప్పులేసుకున్నాడు.

సముద్రపు ఒడ్డున పల్లకీ అంత తాబేలు ఒకటి ఎండ కాచుకుంటోంది.

"తాతా, ఏడు సముద్రాలూ దాటిస్తావా?"

"దాటిస్తాను. దారిలో నా కథ చెబుతాను. నువ్వు ఊ కొట్టాలి."

నందివర్ధనుడు నుదురు కొట్టుకుని తాబేలు వీపెక్కాడు.

ఉప్పు సముద్రం దాటారు. చెరకురసం సముద్రంలోకి వచ్చారు. నీళ్ళు తేనెరంగులో మెరుస్తుంటే అతని మనసు ఎటో తేలిపోయింది.

"మేం నూట ఇరవై గుడ్ల పిల్లలం," అంది తాబేలు. "మొదటివాణ్ణి కాకి ఎత్తుకుపోయింది."

"ఊ."

"రెండోవాణ్ణి పీత లాక్కుపోయింది."

"ఊ."

"మూడోవాణ్ణి నువ్వు కూరొండుకు తిన్నావు."

"ఊ."

తాబేలు ఆగింది. "ఇప్పుడు నేనేమన్నాను?"

"అదే... పీత..."

తాబేలు బుడుంగున మునిగింది. అతను పైకి తేలేసరికి జుట్టంతా బంక. చెవుల్లో చెరకురసం. "ఊ కొట్టాలంటే వినాలి నాయనా. ఊరికే అనడానికి కప్ప చాలు," అంది తాబేలు.

అప్పట్నుంచి అతను విన్నాడు. కల్లు, నెయ్యి, పెరుగు, పాల సముద్రాలు దాటారు. నూట పద్దెనిమిది మంది పోయారు. చివరికి ఈ తాబేలూ, ఒక చెల్లెలూ మిగిలారు. ఒక అల దాన్నీ ఎటో పట్టుకుపోయింది.

"మీ చెల్లెలు చూడ్డానికి ఎలా ఉంటుంది తాతా?" అని అడిగాడు నందివర్ధనుడు.

తాబేలు ఈత వేగం తగ్గించింది. మంచినీళ్ళ సముద్రం సగం దాటాక, "ఎడమకంటి కింద పచ్చటి చుక్క ఉంటుంది," అంది. "ఎక్కడైనా కనిపిస్తే చెప్పు." దీవిలో దింపి, "నువ్వొచ్చేదాకా ఇక్కడే ఉంటాను. నీ కోసం కాదు. ఇంకా చెప్పాల్సింది ఉంది," అంది.

దీవిలో ఒక మేడ ఉంది. మేడ ముందు వాకిట్లో వందల రాతి బొమ్మలు. అందరి పెదాలూ సున్నాలా చుట్టుకుని ఉన్నాయి. ఏనుగు పక్కన గజకేతుడు. కత్తెత్తి రణధీరుడు. అతని చేతిమీద ఒక అమ్మాయి తడిబట్టలు ఆరేస్తోంది.

"అది మా అన్నయ్య!" అన్నాడు నందివర్ధనుడు.

"అయ్యో, ఏమీ అనుకోకు. ఎండ ఇక్కడే బాగా తగులుతుంది," అందా అమ్మాయి. ఆమే కేతకి. చీరకొంగు బొడ్లో దోపుకుని, నుదుటి మీద పసుపు మరకతో ఉంది. నందివర్ధనుడు మబ్బుల్లో చూసిన ఏ రాజకుమారీ అలా లేదు. అయినా కళ్ళు తిప్పుకోలేకపోయాడు.

"నీ కత్తేది?" అందామె.

"తేలేదు."

"మంత్రాలొచ్చా?"

"రావు."

"మరేం వచ్చు?"

"ఊ కొట్టడం."

కేతకి తల పట్టుకుంది. "ఇంత భూమండలంలో నువ్వే దొరికావా నా కోసం! ఇదిగో, వీళ్ళంతా ఊ కొట్టబట్టే రాళ్ళయ్యారు. ధూమాక్షుడు మూడు మధ్యాహ్నాలు తన కథ చెబుతాడు. వినకుండా ఊ అన్నావా, అక్కడికక్కడే రాయి. మూడు రోజులూ విన్నవాడు ఇంతవరకూ లేడు."

"మరి నువ్వెలా మిగిలావు?"

"నేను ఊ అనలేదుగా. నీ కథ నాకొద్దు అన్నాను. సరే వంట చెయ్యమన్నాడు." గొంతు తగ్గించింది. "వాడి ప్రాణం చిలకలో ఉందట. జ్ఞాపకాలు కూడా దాన్లోనే. వాడికి ఆ కథ తప్ప నిన్నటి కూరైనా గుర్తుండదు. చిలక ఎక్కడుందో నాకూ దొరకలేదు."

అంతలో ధూమాక్షుడు వచ్చాడు. పొగలాంటి గడ్డం, నిప్పుకణాల్లాంటి కళ్ళు. "వింటావా?" అన్నాడు.

"వింటాను. మూడు రోజులూ వింటే వీళ్ళందర్నీ వదలాలి."

"వదుల్తాను. ముందు భోంచెయ్."

పెరుగన్నం పెట్టాడు. మీద మామిడిపండు. పైనుంచి సముద్రపు గాలి. అలాంటి వేళ మెలకువగా ఉండటం పులిని చంపడం కన్నా కష్టం.

"నేనూ ఒకప్పుడు మనిషినే," అని మొదలుపెట్టాడు ధూమాక్షుడు. "అడవి అంచున మా గుడిసె. అమ్మ వడ్లు దంచుతుంటే ఇప్పుడే వస్తానని చెప్పి బయల్దేరాను. ఏడు కొండలెక్కాను. మొదటి కొండకి వెయ్యిన్నొక్క మెట్లు. మొదటి మెట్టు ఎక్కాను."

"ఊ."

"రెండో మెట్టు ఎక్కాను."

మొదటిరోజు నందివర్ధనుడు ప్రతి మెట్టూ విన్నాడు. మధ్యలో మాంత్రికుడు ఐదొందలో మెట్టు ఎక్కేసి, ఆరొందలో మెట్టు అన్నాడు. "మధ్యవి?" అన్నాడు నందివర్ధనుడు. ధూమాక్షుడు గుర్రుగా చూసి వెనక్కి వచ్చాడు.

రెండోరోజు అదే పెరుగన్నం, అదే కథ. నిద్ర ముంచుకొచ్చింది. కాలి బొటనవేలు చల్లబడి రాయవుతున్నట్టు తోచి ఉలిక్కిపడ్డాడు. అప్పుడే నాన్న గుర్తొచ్చాడు. ఏనుగు కూలిందని చెప్పేచోట నాన్న గొంతు రోజూ ఒకలా బొంగురుపోయేది. ఎవరి ఏనుగది? పద్నాలుగేళ్ళలో ఒక్కసారీ అడగలేదు. ఎప్పుడూ రెండు ఊలు కొట్టి మబ్బుల్లోకి పోయాడు. ఆ సిగ్గుతో నిద్ర వదిలింది. ఈ కథలో గొంతు మారే చోటెక్కడుందా అని చెవులు రిక్కించాడు.

మూడోరోజు అది దొరికింది. మెట్లన్నీ తాపీగా చెప్పేవాడు అమ్మ దగ్గర మాత్రం కాళ్ళు కాలుతున్నట్టు పరిగెత్తేవాడు.

"అమ్మ వడ్లు దంచుతుంటే ఇప్పుడే వస్తానని..."

"ఆగండి," అన్నాడు నందివర్ధనుడు. "మీ అమ్మగారి పేరేమిటి?"

ఎత్తు వేసి అడగలేదు. తెలుసుకోవాలనిపించి అడిగాడు.

ధూమాక్షుడు గడ్డం పీక్కున్నాడు. "అమ్మ పేరు... ఉండేది. పేరుండేది." లేచి నిలబడ్డాడు. గది ఈ మూల నుంచి ఆ మూలకి తిరిగాడు. ఒక్కసారిగా వంటింట్లోకి పరిగెత్తి రుబ్బురోలు దొర్లించాడు. దాని కింద గుంత, గుంతలో పంజరం, పంజరంలో చిలక.

"ఓరి నాయనో! ఇన్నాళ్ళూ దీని మీదేనా పచ్చడి నూరాను!" అంది కేతకి.

మాంత్రికుడికి ఆమె కనబడలేదు. "చిలకా, అమ్మ పేరేంటే?"

"చిట్టెక్క," అంది చిలక.

ధూమాక్షుడు అక్కడే పిండిమరకల్లో చతికిలబడ్డాడు. కేతకి పంజరంలో చెయ్యి పెట్టి చిలక మెడ పట్టుకుంది. "నులిమెయ్యనా?"

"వద్దు," అన్నాడు నందివర్ధనుడు. "కథ అయిపోలేదు. చిలకా, తర్వాత చిట్టెక్క ఏం చేసింది?"

"అన్నం వండి మూత పెట్టింది. చల్లారితే మళ్ళీ వేడి చేసింది. మళ్ళీ చల్లారితే మళ్ళీ వేడి చేసింది. అంతవరకు చూసి నేను ఎగిరొచ్చేశాను."

ధూమాక్షుడు చేతుల్లో మొహం దాచుకున్నాడు. "వెయ్యేళ్ళ నుంచి మెట్లే చెబుతున్నాను. ఈ ముక్క ఎవరూ అడగలేదు." చెయ్యి విదిలించాడు. వాకిట్లో సగంలో ఆగిపోయిన ఊలన్నీ ఒక్కసారి బయటికొచ్చి దీవంతా కొలిమితిత్తిలా మోగింది. అన్నలిద్దరూ కళ్ళు నులుముకున్నారు. రణధీరుడు చేతిమీది చీర చూసుకుని, "ఇదెవరిది?" అన్నాడు.

కేతకి చిలకని వదిలేసింది. అది వెయ్యేళ్ళ తర్వాత రెక్కలు విప్పి జామచెట్టు మీద వాలింది. ధూమాక్షుడి కళ్ళలో నిప్పులు ఆరిపోయాయి. మామూలు ముసలాడు మిగిలాడు. ఆ చిలక ఉన్నన్నాళ్ళూ ఉంటాడు, దానితో పాటే పోతాడు.

ఓడలున్నవాళ్ళు ఓడల్లో వెళ్ళారు. నందివర్ధనుడూ కేతకీ తాబేలు మీద వచ్చారు. పాలసముద్రం మీద వెన్నపూసలాంటి నురగ తేలుతుంటే అతను అడిగాడు, "నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

"నాకు వంట మీద విరక్తి పుట్టింది. వంటమనిషిని పెట్టాలి."

"పెడతాను. నీకే కూర ఇష్టం?"

ఆమె చటుక్కున అతనివైపు తిరిగింది. ఆ మాట ఆమెనీ ఎవరూ అడిగినట్టు లేదు. "దొండకాయ వేపుడు," అంది చిన్నగా. తర్వాత అతని భుజాన తల వాల్చింది.

పెళ్ళి తొమ్మిది రోజులు జరిగింది. అర్ధరాజ్యం చేతికొచ్చింది. నందివర్ధనుడు నలభై రెండేళ్ళు ఏలాడు. ఆ రాజ్యంలో గొప్ప యుద్ధాలేవీ రాలేదు. రోజూ దర్బారులో అవే తగువులు: గట్టు జరిపాడని ఒకడు, నీటి వంతు తప్పాడని ఒకడు, ఆవు చేలో పడిందని ఒకడు.

మొదటి ఏడాదిలోనే పోలవ్వ అనే ముసలమ్మ రావడం మొదలుపెట్టింది. వరదకి తన ఇల్లు కొట్టుకుపోయిందని చెప్పేది. రోజూ అదే.

"ప్రభూ, వరదొచ్చి పన్నెండేళ్ళయింది," అన్నాడు మంత్రి విసుగ్గా. "రాణిగారి తండ్రి పెద్దరాజుగారు అప్పుడే కొత్త ఇల్లు కట్టించారు. పాతదానికన్నా పెద్దది. ఇంకేం కావాలి ఈవిడకి?"

నందివర్ధనుడు పోలవ్వ వైపు తిరిగాడు.

"అవ్వా," అన్నాడు, "ఆ పాత ఇంట్లో పొద్దుటెండ ఎటునుంచి పడేది?"

పోలవ్వ చెప్పుకుపోతున్నది ఆపేసింది. అటూ ఇటూ చూసి, మంత్రిగారు నిలబడ్డ చోటే తన గుమ్మమన్నట్టు, ఆయన్ని పక్కకి జరగమని సైగ చేసింది. తర్వాత వేలితో నేలమీద ఒక గీత గీసింది.

"ఇదిగో, ఇటునుంచి బాబూ. సరిగ్గా నా మంచం కాళ్ళ దగ్గరికి."

రాజు సింహాసనం దిగి, ఆ గీత తొక్కకుండా వచ్చి పక్కన కూర్చున్నాడు.

"తర్వాత?" అన్నాడు.