రెండు చెంబుల నీళ్లు

వెనకటికి ఒక నగరంలో రాజుగారు వీధివీధికీ కుళాయిలు వేయించారు. ఆ నీళ్లు పడితే బిందె అడుగున బెత్తెడు బురద. కుమ్మరి నూకాలు కుండల్లో ఇసుకా బొగ్గులూ నింపి, వడపోత కుండలని అమ్మసాగింది. ఊళ్లో పిల్లల కడుపునొప్పులు తగ్గాయి. జలాధికారి త్రిలోచనుడికి మాత్రం కడుపు మండింది.

"మహాప్రభూ, మన కుళాయి నీళ్లు అమృతం. వడపోసినా పోయకున్నా ఒకటే. వాటికి వంకలు పెడుతున్న దీని కుమ్మరి సారె విరగ్గొట్టించండి" అని నూకాలును సభకు రప్పించి ఫిర్యాదు చేశాడు.

సారె పోతే నూకాలుకు బతుకుతెరువే లేదు. అయినా బెదరకుండా రెండు ఇత్తడి చెంబులు తెచ్చి త్రిలోచనుడి ముందు పెట్టింది.

"మాట్లాడి అలిసిపోయారు, దాహం తీర్చుకోండి బాబూ. ఒకదాంట్లో కుళాయి నీళ్లు, ఒకదాంట్లో నా కుండ నీళ్లు. మీకు ఏదైనా ఒకటే కదా."

త్రిలోచనుడు చాపిన చెయ్యి ఆగిపోయింది. ఒక చెంబులోకి తొంగి చూశాడు. రెండోది ఎత్తి వాసన చూశాడు.

"రెండూ ఒకటే అన్నావుగా, ఏం వెతుకుతున్నావయ్యా?" అన్నారు రాజుగారు.

త్రిలోచనుడు చెంబు కింద పెట్టేశాడు.

"తాగండి బాబూ" అంది నూకాలు. "రెంటిలోనూ నా కుండ నీళ్లే. ఆ కుళాయి నీళ్లు మీకైనా ఎలా ఇస్తాను?"