చిమ్మనగ్రోవి చూపిన గురి

ఏటి ఒడ్డున నల్లరాతి కోట ఉన్న ఒకానొక రాజ్యాన్ని మార్తాండభూపాలుడనే రాజు ఏలేవాడు. శూరుడే, కాదనలేం. కాకపోతే తల వంచడమంటే ఆయనకు బొత్తిగా గిట్టదు. ఊరేగింపులో గొడుగు కాస్త పక్కకు వాలినా, పట్టుకున్నవాడి పని అయిపోయినట్టే.

ఆ ఏడు రాజు పెద్ద ఫిరంగి ఒకటి పోత పోయించాడు. వసంతోత్సవం మర్నాడు సామంతులందరి ఎదుటా దాన్ని పేల్చి, ఏటి అవతలి ఎర్రబండను పగలగొట్టాలని ముహూర్తం పెట్టించాడు. కొత్త ఫిరంగి మొదటిసారి పేలేటప్పుడు రాజు దాని మీద చెయ్యి వేసి నిలబడడం ఆ వంశపు ఆచారం.

అంతవరకూ బాగానే ఉంది. ఫిరంగి మూతి మాత్రం నిట్టనిలువుగా ఆకాశంలోకి ఉండాలన్నాడు రాజు. ఎంత పైకెత్తితే గుండు అంత దూరం పోతుందని ఆయన లెక్క. కొంచెం దించాలి ప్రభూ అని విన్నవించిన ఫిరంగివాణ్ణి ఆ పూటే కోట దాటించారు. తక్కినవాళ్ళు నోళ్ళు కుట్టేసుకున్నారు.

ఆస్థానంలో హాస్యమాడి పొట్టపోసుకునే మైలారయ్య మాత్రం ఆ లెక్క విని ఫక్కున నవ్వాడు. ఆ నవ్వే కొంప ముంచింది.

"నవ్వొచ్చిందా మైలారయ్యా? అయితే వత్తికి నిప్పు నువ్వే అంటించు" అన్నాడు రాజు.

మైలారయ్యకు అసలు సంగతి తెలుసు. నిట్టనిలువుగా పోయిన గుండు నిట్టనిలువుగానే దిగుతుంది. దాని కింద తనుంటాడు, పక్కనే రాజుంటాడు. కాదంటే ఇప్పుడే తల పోతుంది, సరేనంటే ముహూర్తం నాటికి పోతుంది. సంగతి విని భార్య అక్కమ్మ గొల్లుమంది. అతనికి కళ్ళు మూస్తే చాలు, పైనుంచి ఇనపగుండు వచ్చి మీద పడుతున్నట్టే ఉండేది.

వసంతోత్సవం రానే వచ్చింది. ఆ రోజు మొదటి ధార రాజుగారిదే. పసుపూ సున్నం కలిపిన ఎర్రనీళ్ళు వెండి చిమ్మనగ్రోవిలో నింపి ఆయన చేతికిచ్చారు. మైలారయ్య కోట ముంగిలి ఆ చివరకు వెళ్ళి నిలబడ్డాడు.

"ప్రభూ, మొదటి ధార ఈ దీనుడి మీద పడాలని కోరిక. అయితే రేపు ఫిరంగి ఎలా నిలబడుతుందో ఇవాళ చిమ్మనగ్రోవీ అలాగే నిలబడాలి. తమ చేతిలోది తల వంచకూడదు కదా" అన్నాడు.

రాజుకు ఆ మాట నచ్చింది. చిమ్మనగ్రోవిని నిటారుగా పట్టి బలంగా నొక్కాడు. ఎర్రనీళ్ళు పైకి లేచాయి, అందరి తలలూ పైకి లేచాయి, నీళ్ళు తిన్నగా వచ్చి కిరీటం మీదా మీసాల మీదా పడ్డాయి.

ఒక్కరూ నవ్వలేదు. రాజు ముఖం తుడుచుకున్నాడు. ఆయన చెయ్యి కత్తి పిడి మీదికి పోయింది. మైలారయ్యకు అక్కమ్మ గుర్తొచ్చింది.

కానీ రాజు మొండివాడు. మళ్ళీ నింపించి, ఈసారి మైలారయ్య బొడ్డుకు సూటిగా పట్టి కొట్టాడు. ధార సగం దారిలోనే నేలపాలైంది. మూడోసారి ఆయన ఏ లెక్కా వెయ్యలేదు. చిన్ననాటి నుంచి వసంతాలాడిన చెయ్యి తనంత తానే నేలకూ ఆకాశానికీ సరిగ్గా నడిమధ్యకు లేచింది. ధార విల్లులా వంగి వచ్చి మైలారయ్య గుండెల మీద ఫెళ్ళున తగిలింది.

రాజు పసివాడిలా గంతేశాడు. అంతలోనే ఆగి, చిమ్మనగ్రోవి వంకా, బురుజు మీద ఆకాశం చూస్తున్న ఫిరంగి వంకా మార్చి మార్చి చూశాడు.

"అయితే నా ఫిరంగి తల వంచాలంటావా?"

మైలారయ్య తడిబట్టలతోనే చేతులు జోడించాడు. "అనే ధైర్యం నాకెక్కడిది ప్రభూ? ఇందాక పడ్డవి నీళ్ళు కనుక తమరు ముఖం తుడుచుకున్నారు. రేపు తుడుచుకోవడానికి మనిద్దరికీ ముఖాలుండవు."

రాజుగారి తడిసిన మీసాలు కదిలాయి. రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఫిరంగిని నడిమధ్యకు దించమని ఆజ్ఞాపించి, మెడలోని ముత్యాల హారం తీసి మైలారయ్య మెడలో వేశాడు. ఇంకేం కావాలో కోరుకోమన్నాడు.

"రేపు ఆ నిప్పేదో ఇంకెవరి చేతైనా పెట్టించండి ప్రభూ. గురి కుదిరింది గానీ నాకు భయం తీరలేదు."

రాజు మళ్ళీ విరగబడి నవ్వి, సరేనన్నాడు. మర్నాడు ఎర్రబండ తునాతునకలైంది. ఆ చప్పుడు మైలారయ్య తన ఇంట్లో మంచం కింద దూరి విన్నాడు.