బరువు తగ్గిన పుల్లీ

పూర్వం ఒక సంస్థానంలో జమీందారు గారి కారును పైడయ్య చూసుకునేవాడు. నా అనేవాళ్ళు లేని అతనికి ఆ కారే తోడు.

ఒకనాడు దివాను తేలికైన పుల్లీ తెచ్చాడు. "ఇది బిగించు. బరువు తగ్గితే ఇంజను దూకుతుందిరా!"

పుల్లీ అంటే ఇంజను ముందు తిరిగే చక్రం. పాతదానిలో అదురును మింగే రబ్బరు ఉంది, కొత్తదానిలో లేదు. ఆ అదురుకి ఇంజను లోపల తిరిగే ఇరుసు, అంటే షాఫ్టు, విరిగితే కారు మూలపడుతుంది.

పైడయ్య సరేనని బయటికి వెళ్ళాడు. దివాను గారి జట్కా చక్రాల రబ్బరు ఊడదీసి, "దీని బరువూ తగ్గించాను, ఎక్కండి దివాన్జీ" అన్నాడు.

రాళ్ళబాట ఎక్కగానే దివాను కేకపెట్టాడు. "ఆపరా, నడుం విరుగుతోంది!"

"మీకు నోరుంది కాబట్టి అరిచారు. షాఫ్టు అరవదు కదండీ, విరుగుతుందంతే."

దివాను కొత్త పుల్లీ వెనక్కి పట్టుకుపోయాడు.

గెలిచానని చెప్పుకోడానికి పైడయ్యకు ఎవరూ లేరు. షెడ్డులోకి వెళ్ళి, ఇంజను స్టార్ట్ చేసి, దానికే చెప్పాడు.