తొండగారి ఉపవాసం

చండకేతు మహారాజుకి కొత్త ముచ్చట పుట్టిందంటే కోటలో ఎవరికో ఒకరికి కడుపు మాడిందన్నమాటే. ఈసారి ముచ్చటకి తోక కూడా ఉంది.

ఎడారి దేశపు రాజు కానుకగా పంపిన తొండ అది. వేసవంతా గంపలకొద్దీ ఆకులు నమిలింది. చలి మొదలవగానే తొట్టిలోని ఇసుకలో బొరియ తవ్వుకుని పడుకుంది. మేత పెడితే కన్నెత్తి చూడదు. అలాగని చావదు.

"చూశారా ప్రభూ!" అన్నాడు మంత్రి బహుశ్రుతుడు, బొజ్జ మీద ఉత్తరీయం సర్దుకుంటూ. "చలికాలంలో ఒంటికి తిండి అక్కర్లేదని ఈ జీవే రుజువు చేస్తోంది. మరి నౌకర్లకి రెండుపూటలా అన్నం దండగ కాదూ?"

రాజు పొంగిపోయాడు. వసంతం దాకా నౌకర్లకి ఒంటిపూటే అని అక్కడికక్కడే ఆజ్ఞ వేశాడు.

రాణిగారి చెలికత్తె కొమ్మసానికి ఒళ్లు మండింది. పల్లకీ బోయీలు ఆమె చుట్టూ మూగారు.

"నోరున్నదానివి, ఏదో ఒకటి చెయ్యవే తల్లీ!"

ఆమె తిన్నగా కొలువుకెళ్లి వంగి దణ్ణం పెట్టింది. "చిత్తం ప్రభూ. ఇకనుంచి తొండగారి దారే మా దారి."

మంత్రి మీసం దువ్వుకున్నాడు.

తెల్లారింది. భేరి మోగలేదు. వేన్నీళ్లు రాలేదు. రాజు వణుక్కుంటూ, మంత్రిని వెంటేసుకుని నౌకర్ల సావిడికొచ్చాడు. అందరూ ముసుగుతన్ని పడుకున్నారు.

"కొమ్మసానీ! నా వేన్నీళ్లేవే?"

ఒక ముసుగులోంచి జవాబొచ్చింది.

"తొండగారు కాచారేమో కనుక్కోండి ప్రభూ!"

"ఎంత పొగరు!" మంత్రి గుడ్లురిమాడు.

కొమ్మసాని లేచి, రాణిగారినడిగి తెచ్చుకున్న తొట్టిలోంచి తొండని తీసి రాజు అరచేతిలో పెట్టింది. రాజు ఉలిక్కిపడ్డాడు. "రాయిలా చల్లగా ఉందే!"

"ఒంట్లో పొయ్యి తగ్గించుకుంది ప్రభూ, అందుకే కట్టెలక్కర్లేదు. ఎండలొస్తే మళ్లీ వెచ్చబడుతుంది, తిరుగుతుంది, తింటుంది. మరి మీ నుదురు ముట్టి చూసుకోండి."

రాజు ముట్టుకున్నాడు. వెచ్చగానే ఉంది.

"మన పొయ్యి తగ్గితే పాడె కట్టాల్సిందే. చలిలో మన పొయ్యికి ఇంకా ఎక్కువ కట్టెలు కావాలి. పైగా ఈ తొండ ఎవరి పల్లకీ మొయ్యదు."

"అయినా ఏదో ఒకటి తినాలిగా, ఎలా బతుకుతోంది?" రెట్టించాడు మంత్రి.

కొమ్మసాని ఆ ప్రశ్న కోసమే కాచుక్కూర్చుంది.

"వేసవిలో మేసిందంతా కొవ్వుగా తోకలో దాచుకుంది మంత్రిగారూ. మాకు దాచుకునేంత ఎప్పుడు పెట్టారు గనక? దాచుకున్నవారెవరైనా ఉంటే, ఉపవాసానికి వారే తగినవారు."

సావిడిలోని ముసుగులన్నీ ఒక్కసారి తొలగాయి. కళ్లన్నీ ఒకేచోట నిలిచాయి.

బహుశ్రుతుడు ఊపిరి బిగబట్టి బొజ్జని లోపలికి లాక్కున్నాడు. ఉత్తరీయం జారింది గానీ బొజ్జ కదల్లేదు.

రాజు పగలబడి నవ్వాడు. మెడలోని హారం తీసి కొమ్మసాని చేతిలో పెట్టాడు.

"నౌకర్లకి రెండుపూటలా అన్నం, పైన నెయ్యి! మంత్రిగారి రాత్రి భోజనం కూడా వసంతం దాకా వీళ్లకే!"

బోయీలు ఈలలేశారు. పొయ్యిలు రాజుకున్నాయి.